పూడిన కోనేరు – ఎదురుచూసే ప్రాణికోటి

తటాకం, దేవాలయం, వనం – ఈ మూడింటినీ మన పెద్దలు సప్తసంతానాలలో చేర్చారు. కన్న కుమారుడు, నిధి, అగ్రహారం, ప్రబంధం మిగిలిన నాలుగు. మనిషి గతించిన తరువాత కూడా అతని పేరు నిలిపేవి కాబట్టి వీటికి సంతానమనే పేరు వచ్చింది. ధర్మశాస్త్రాలు సత్కర్మలను ఇష్టమనీ, పూర్తమనీ రెండుగా విభజించాయి. యజ్ఞం, హోమం, వ్రతం వంటివి ఇష్టం. బావులు, చెరువులు త్రవ్వించడం, తోపులు నాటించడం, అన్నదానం చేయడం పూర్తం. క్రొత్తగా ఒకటి కట్టించడం కంటె శిథిలమైనదాన్ని ఉద్ధరించడం గొప్ప పుణ్యమని పెద్దల మాట. ఆలయ జీర్ణోద్ధరణకు మనం ఉత్సాహంగా విరాళాలు ఇస్తాము. జలాశయ జీర్ణోద్ధరణ విషయంలో మాత్రం మన దృష్టి మెట్లు, రాతికట్టడం, ఇనుప కటకటాలు, రంగుదీపాల వద్దనే ఆగిపోతున్నది. అడుగున పేరుకొన్న పూడిక కంటికి కనిపించదు. దానిని తీయించిన దాత పేరు చెక్కడానికి శిలాఫలకమూ దొరకదు. అందువల్లనే ఆ సేవ వెనుకబడింది.

ఈ వ్యాసంలో రెండు ప్రశ్నలు విచారిద్దాము. కోనేటిలోను, చెరువులోను, ఉద్యానవనపు కుంటలోను పూడిక తీయడం ఎవరి కోసం? దానిని ఏ విధంగా తీస్తే ఆ సేవ సఫలమవుతుంది?

నీటికి మొదటి హక్కుదారులు

భాగవతం అష్టమస్కంధంలో నీటితో ముడిపడిన రెండు ఘట్టాలు ఉన్నాయి. సత్యవ్రత మహారాజు కృతమాలా నదిలో జలతర్పణం చేస్తుండగా ఆయన దోసిటిలోనికి చిన్న చేపపిల్ల వచ్చింది. రాజు దానిని తిరిగి నదిలో వదలబోగా, పెద్ద చేపలు తనను మ్రింగుతాయని, తనకు రక్షణ కావాలని అది వేడుకొన్నది. రాజు దానిని కమండలువులో ఉంచాడు. అక్కడ చోటు చాలక ఇంకొక పాత్రలోనికి, తరువాత మడుగులోనికి, పెద్ద జలాశయంలోనికి, చివరకు సముద్రంలోనికి చేర్చవలసి వచ్చింది. ఆ చేపయే శ్రీహరి మత్స్యావతారం. ఈ కథలో రాజు చేసిన పని ఒక్కటే: ఆశ్రయం కోరిన జలచరానికి తగినంత చోటు, తగినంత లోతు చూపించాడు. అదే స్కంధంలోని గజేంద్రమోక్షం కూడా ఒక సరస్సులోనే జరిగింది. మకరం, గజం, తామరలు, తుమ్మెదలు, పక్షులు అన్నీ ఆ సరస్సును ఆశ్రయించుకొని బ్రతికాయి. గజేంద్రుడు స్వామికి అర్పించిన పుష్పం కూడా ఆ నీట పూచినదే.

దశావతారాలలో మొదటి రెండూ నీటి ప్రాణుల రూపాలే. కూర్మావతారాన్ని పూజించే మనం కోనేటిలోని తాబేలుకు గట్టెక్కే దారి లేకుండా నిలువు గోడలు కట్టడం ఆలోచించవలసిన విషయం.

మన సీమ చెరువుల వారసత్వం

తలుపుల, కదిరి, ధర్మవరం, పెనుకొండ, హిందూపురం ప్రాంతాలు వానలు తక్కువగా కురిసే నేల. పూర్వపు అనంతపురం జిల్లా మొత్తానికి ఏడాది సగటు వర్షపాతం దాదాపు 550 మిల్లీమీటర్లు. మన ఎండకు ఏడాదిలో ఆవిరి కాగల నీరు దానికి రెట్టింపును మించుతుంది. ఇటువంటి సీమలో మనిషి, పశువు, పక్షి బ్రతకాలంటే పడిన వానను ఆపి నిలుపుకోవడమే మార్గమని పూర్వులు గ్రహించారు. చిత్రావతి నీటితో నిండే బుక్కపట్నం చెరువు, ధర్మవరం చెరువు, అనంతపురం చెంత బుక్కరాయసముద్రం వారి దూరదృష్టికి సాక్ష్యాలు. బుక్కరాయసముద్రం కట్ట తెగబోయినప్పుడు ఊరిని కాపాడడానికి ముసలమ్మ అనే ఇల్లాలు ప్రాణం అర్పించిందని జనశ్రుతి. కట్టమంచి రామలింగారెడ్డి ఆ గాథనే ‘ముసలమ్మ మరణము’ అనే కావ్యంగా రచించారు. చెరువు అంటే ఊరి ప్రాణమన్న భావన ఇక్కడి ప్రజల మనస్సులో ఎంత లోతుగా నాటుకొన్నదో ఆ గాథ తెలుపుతుంది.

చెరువు నిర్మాణం గురించి మనకు లభించిన గొప్ప శాసనాలలో ఒకటి పొరుగున ఉన్న కడప జిల్లా పోరుమామిళ్లలో ఉంది. క్రీ.శ. 1369లో బుక్కరాయల కుమారుడు భాస్కర భవదూరుడు అక్కడ అనంతరాజసాగరమనే చెరువును నిర్మించాడు. రెండు సంవత్సరాల పాటు దినానికి వెయ్యి మంది కూలీలు పనిచేశారనీ, రాయి తోలడానికి వంద బండ్లు నడిచాయనీ శాసనం చెబుతున్నది. మంచి చెరువుకు పన్నెండు సాధనాలు, ఆరు దోషాలు కూడా అందులో వివరించబడ్డాయి. ధర్మబుద్ధి గల ప్రభువు, జలశాస్త్రం తెలిసిన పండితుడు, గట్టి బంకమట్టి నేల, తీయని నీటిని తెచ్చే నది, విశాలమై లోతైన గర్భం, పని తెలిసిన కార్మికులు ఆ సాధనాలలోనివి. కట్ట నుండి నీరు ఊరడం, చౌటినేల, నడుమ తాబేటి వీపువలె మిట్ట ఉండడం, నీరు తక్కువై భూమి ఎక్కువ కావడం దోషాలలోనివి. ఆరున్నర శతాబ్దాలు గడిచినా ఈ పట్టికలో కొట్టివేయదగినది చాలా తక్కువ. ‘విశాలమై లోతైన గర్భం’ అన్న ఆ ఒక్క సాధనాన్నే పూడిక నశింపజేస్తుంది.

చెరువును కట్టించడంతో పూర్వుల బాధ్యత తీరలేదు. చెరువును నిర్మించినవారికి, మరమ్మతు చేసినవారికి దాని ఆయకట్టులో భూమిని ఇచ్చే దశబంధమనే ఏర్పాటు మన సీమలో ఉండేది. ఆలయాలకు కూడా ఇందులో పెద్ద పాత్ర ఉంది. విజయనగర కాలంలో భక్తులు తిరుమల శ్రీవారికి సమర్పించిన ధనాన్ని దేవాలయ గ్రామాలలో చెరువులు, కాలువలు త్రవ్వడానికి, బాగుచేయడానికి వినియోగించేవారని అక్కడి శాసనాలు తెలుపుతున్నాయి. అలా పెరిగిన పంట నుండి దాత పేరిట నిత్యనైవేద్యం జరిగేది. ప్రసాదంలో కొంత భాగం దాతకు చెందేది. దేవునికి ఇచ్చిన కానుక నీరై, నీరు పంటయై, పంట ప్రసాదమై తిరిగి భక్తుని చేతికి వచ్చింది. నేటి దాతలకు ఇంతకంటె చక్కని ఆదర్శం అక్కరలేదు.

పూడిక ఎలా చేరుతుంది?

ప్రతి వానకు కొండవాలు నుండి, చేల నుండి ఒండ్రు కొట్టుకొని వస్తుంది. గట్టుమీది చెట్ల ఆకులు, నీటిలోని నాచు, తూటికాడలు చచ్చి అడుగున కుళ్లుతాయి. ఇది ప్రకృతి సహజం. పూర్వం రైతులు ఏటా వేసవిలో బండ్లతో చెరువుమట్టిని చేలకు తోలుకొనేవారు. చేరినంత మట్టి తిరిగి పోయేది. ఆ అలవాటు సన్నగిల్లిన తరువాత ఒండ్రు పొరమీద పొర పేరుకొన్నది. కోనేళ్లలోను, ఉద్యానవనపు కుంటలలోను దీనికి పూజాద్రవ్యాలు, పూలదండలు, ప్లాస్టిక్ సంచులు, చేపలకని వేసిన బొరుగులు, రొట్టెలు తోడవుతున్నాయి.

కుళ్లే పదార్థం నీటిలోని ప్రాణవాయువును హరిస్తుంది. వేసవి తెల్లవారుజామున చేపలు నీటిపైకి వచ్చి నోళ్లు తెరవడం చూస్తుంటాము. మేత అడుగుతున్నాయని యాత్రికులు మరికొన్ని బొరుగులు వేస్తారు. నిజానికి అవి ఊపిరాడక పైకి వచ్చినవి. తినగా మిగిలిన బొరుగులు అడుగుకు చేరి, కుళ్లి, ఉన్న కొద్దిపాటి ప్రాణవాయువును కూడా లాగివేస్తాయి. దయతో చేసిన పని తెలియకుండానే హానిగా పరిణమిస్తుంది.

పూడిక వలన నీరు తరిగే లెక్క కూడా తెలుసుకొందాము. ఒక ఎకరం విస్తీర్ణం గల కుంటలో ఒక్క అడుగు మందాన పూడిక చేరితే, 12 లక్షల లీటర్లకు పైగా నీరు నిలిచే చోటు పోతుంది. ట్రాక్టరు ట్రాలీకి 3 ఘనపు మీటర్ల చొప్పున తోలితే ఆ మట్టి దాదాపు 400 ట్రాలీలు అవుతుంది. లోతు పోయి వెడల్పు మాత్రం మిగిలిన కుంటలో నీరు పలుచగా పరుచుకొని ఎండకు త్వరగా ఆవిరైపోతుంది. చైత్రం వరకు నిలవవలసిన నీరు మాఘంలోనే అయిపోతుంది.

వీరాపురం కొంగలు నేర్పే పాఠం

ఆ రెండు నెలల తేడా ఎవరికి ప్రాణాంతకమో తెలియాలంటే హిందూపురం ప్రాంతంలోని చిలమత్తూరు మండలం వీరాపురం గ్రామాన్ని చూడాలి. ఏటా చలికాలం చివరలో అక్కడికి ఎర్రకాళ్ల కొంగలు వస్తాయి. పసుపుపచ్చని పొడవైన ముక్కు, నారింజరంగు ముఖం, తోక దగ్గర గులాబీ ఈకలు వీటి గుర్తులు. ఊరి నడుమ ఇళ్ల మీదికి వంగిన చింతచెట్లపై గూళ్లు కట్టి, గ్రుడ్లు పెట్టి, పిల్లలను పెంచి, వర్షాకాలం తొలినాళ్లలో వెళ్లిపోతాయి. పుట్టింటికి పురిటికి వచ్చిన ఆడబిడ్డలను చూచుకొన్నట్లు ఆ ఊరివారు వాటిని చూచుకొంటారు. రెట్టల వాసననూ, రేయింబవళ్లు రొదనూ ఓర్చుకొని తరతరాలుగా ఆ చెట్లను కొట్టకుండా కాపాడుతున్నారు.

ఇవి సైబీరియా నుండి వస్తాయని జనంలో ఒక మాట ఉంది. అది సరికాదు. ఈ జాతి కొంగలు భారతదేశం, శ్రీలంక, ఆగ్నేయాసియా దేశాలకు చెందినవే. నీరు, మేత, గూటిచెట్టు దొరికే చోటును వెదకుకొంటూ ఇవి ఈ ప్రాంతాలలోనే తిరుగుతాయి. కాబట్టి వీటి రక్షణ ఎక్కడో దూరదేశాలవారి బాధ్యత కాదు, మనదే.

ఈ కొంగ మేత మేసే తీరు గమనింపదగినది. మోకాటిలోతుకు మించని నీటిలో నిలిచి, ముక్కు కొద్దిగా తెరిచి నీటిలో ముంచి, అటూ ఇటూ కదలిస్తుంది. ముక్కుకు చేప తగలగానే చటుక్కున మూస్తుంది. కంటిచూపు మీద కంటె స్పర్శ మీదనే ఆధారపడి వేటాడుతుంది. పిల్ల గూడు విడిచి ఎగరడానికి రెండు నెలలకు పైగా పడుతుంది. అంతవరకు తల్లీ తండ్రీ చేపలు తెచ్చి కక్కి పెడతాయి. మండుటెండలో రెక్కలు చాపి నీడ పడతాయి. వేసవిలో చుట్టుప్రక్కల చెరువులు ఎండితే అవి మేతకోసం ఎంతో దూరం ఎగరవలసి వస్తుంది. ఆకలితో పెనుగులాడే పిల్లలు గూటి నుండి జారిపడతాయి. ఊరివారు చెట్లను ఎంత ప్రేమగా కాపాడినా, చెరువులో నీరు లేకపోతే ఆ ప్రేమ సగమే ఫలిస్తుంది.

ఇందులో ఒక ముఖ్యమైన పాఠం ఉంది. పూడిన చెరువులో కొంగకు మేత లేదు. అట్లని యంత్రాలతో అంచు వరకు నిలువుగా, అంతటా ఒకే లోతుగా త్రవ్విన చెరువులోనూ దానికి మేత లేదు. నిలవడానికి తెట్టు నీరు ఉండదు కనుక. నారాయణపక్షి, తెల్లకంకణం, ఉల్లంకిపిట్ట, నత్తలను ఏరుకొని తినే నత్తగుల్లకొంగ – ఇవన్నీ అంచున మేసేవే. నీటికాకి, బాతులు లోతునీటిని కోరుతాయి. లకుముకిపిట్ట గ్రుడ్లు పెట్టడానికి మెత్తని మట్టిగట్టులో బొరియ చేసుకొంటుంది. ఒకే చెరువులో లోతూ, తెట్టూ, గట్టూ, గడ్డీ ఉన్నప్పుడే అందరికీ చోటు ఉంటుంది. పూడిక తీయడం అంటే మట్టి ఎత్తిపోయడం మాత్రమే కాదు. ఈ చోట్లను తిరిగి ఏర్పరచడం.

పూడిక తీసే విధానం

దేవస్థానాలు, పంచాయతీలు, ఉద్యానవనాల నిర్వాహకులు, దాతలు ఈ క్రమాన్ని గుర్తుంచుకొంటే మేలు.

*మొదట పరిశీలన.* పని ఆరంభించే ముందు ఒక సంవత్సరం పాటు ఆ కుంటకు ఏ పక్షులు, ఎప్పుడు వస్తున్నాయో, తాబేళ్లు ఎక్కడ గట్టెక్కుతున్నాయో చూచి వ్రాసుకోవాలి. పాఠశాల బాలలకు ఇది చక్కని విద్య. చెరువు ఏ శాఖ అధీనంలో ఉందో తెలుసుకొని వారి అనుమతి తప్పక పొందాలి. పురాతన కోనేరైతే పురావస్తు శాఖవారి సలహా కూడా అవసరం.

*వరవ కాలువ ముందు, గర్భం తరువాత.* చెరువుకు నీరు తెచ్చే వరవ మూసుకొనిపోయి ఉంటే, లోపల ఎంత త్రవ్వినా అది ఎండిన గుంతగానే మిగులుతుంది. వరవను శుభ్రం చేసి, నీరు చెరువులో ప్రవేశించే చోట చిన్న గుంట త్రవ్వితే, రాబోయే ఒండ్రు అందులోనే ఆగుతుంది. ఏటా ఆ చిన్న గుంటను తీయడం సులభం. మురుగునీరు కలిసే దారి ఉంటే దానిని మళ్లించిన తరువాతనే పూడిక పని మొదలుపెట్టాలి.

*కాలనిర్ణయం.* మన ప్రాంతంలో నీరు బాగా తగ్గే చైత్ర వైశాఖాలు పనికి అనువైనవి. తొలకరికి కప్పలు గ్రుడ్లు పెడతాయి కనుక అంతకుముందే ముగించాలి. గట్టున గాని, నీటిలోని తుమ్మచెట్లపై గాని పక్షుల గూళ్లు ఉంటే, పిల్లలు ఎగిరిపోయేవరకు ఆ భాగం జోలికి పోరాదు.

*ఒక ఏడు సగం, మరుసటి ఏడు సగం.* అన్నింటికంటె ముఖ్యమైన నియమం ఇది. బయటికి ఎండినట్లు కనిపించే బురదలో తాబేళ్లు, కప్పలు, కొర్రమీను వంటి చేపలు వేసవి గడుపుతూ ఉంటాయి. ఒకేసారి యంత్రం దింపి మొత్తం గోకివేస్తే అవన్నీ నశిస్తాయి. సగం భాగాన్ని కదపకుండా ఉంచితే, ప్రాణులు అక్కడ తలదాచుకొని తిరిగి విస్తరిస్తాయి. తడి ఉన్న అంచులలో మొదట మనుషుల చేత, పారలతో తీయించడం మంచిది. బయటపడిన ప్రాణిని వెంటనే నీరున్న భాగంలో వదలాలి.

*లోతు ఒకచోట, వాలు అంతటా.* వేసవిలోనూ నీరు నిలిచేలా ఒకచోట లోతైన మడుగు ఉండాలి. అక్కడి నుండి అంచు వరకు నేల మెల్లగా ఎక్కుతూ రావాలి. కనీసం రెండు వైపులైనా మనిషి తేలికగా నడిచి దిగగలిగినంత వాలు ఉంటే పశువు, తాబేలు, కొంగ, జారిపడిన పసిబిడ్డ – అందరికీ క్షేమం. అడుగున పూర్వులు పరచిన లేదా సహజంగా ఏర్పడిన బంకమట్టి పొరను చీల్చరాదు. పోరుమామిళ్ల శాసనం గట్టి బంకమట్టి నేలను చెరువుకు సాధనంగా చెప్పినదని గుర్తుంచుకోవాలి. దానిని చీలిస్తే నీరు నిలవక ఇంకిపోతుంది.

*నడుమ దిబ్బ.* సేద్యపు చెరువు నడుమ మిట్ట ఉండడం దోషమని అదే శాసనం చెప్పింది. నీటినంతా చేలకు పారించే చెరువు విషయంలో అది నిజం. ఉద్యానవనపు కుంటకు మాత్రం చిన్న దిబ్బ గుణమే అవుతుంది. కుక్కలు, పిల్లులు చేరలేని ఆ దిబ్బపై పక్షులు నిశ్చింతగా విశ్రమిస్తాయి. తీసిన మట్టితోనే దానిని పోయవచ్చు.

*తీసిన మట్టి.* సేద్యపు చెరువు ఒండ్రు మన ఎర్రనేలలకు మంచి బలం. వేరుశనగ చేలలో తేమ ఎక్కువ రోజులు నిలుస్తుంది. చౌడు ఉన్నదీ లేనిదీ పరీక్ష చేయించి రైతులకు ఇవ్వాలి. పట్టణపు మురుగు కలిసిన కుంటల మట్టిని మాత్రం తినే పంటలకు వాడరాదు. తీసిన మట్టిని గట్టు మీదనే కుప్ప పోస్తే తొలివానకే అది తిరిగి చెరువులోనికి చేరుతుంది.

*పాత విత్తనాలు.* చెరువుమట్టిలో నిద్రించే విత్తనాలు ఎంతకాలం బ్రతుకుతాయో వింటే ఆశ్చర్యం కలుగుతుంది. చైనాలో ఎండిపోయిన ఒక పూర్వపు సరస్సు మట్టిలో దొరికిన, సుమారు 1,300 ఏళ్లనాటి తామరగింజను శాస్త్రజ్ఞులు మొలకెత్తించారు. ఇంగ్లండులోని నార్ఫోక్ ప్రాంతంలో ఎప్పుడో పూడ్చివేసి పొలాలుగా మార్చిన కుంటలను తిరిగి త్రవ్వగా, దాదాపు 150 ఏళ్లుగా మట్టిలో దాగిన నీటిమొక్కల విత్తనాలు మళ్లీ మొలిచాయి. కాబట్టి తీసిన మట్టిలో కొంత భాగాన్ని అంచున పలుచగా పరిస్తే, కొనుక్కొని వచ్చి నాటకుండానే స్థానికమైన మొక్కలు తమంతట తామే రావచ్చు.

*చెట్లు.* మట్టికట్ట మీద పెద్ద వేళ్ల చెట్లు నాటితే కట్టకు బలహీనత. నీరు వచ్చే ఎగువ వైపున నల్లతుమ్మ, మద్ది, నేరేడు, కానుగ వంటివి నాటవచ్చు. చెరువును ఆక్రమించిన సర్కారు తుమ్మను విడతలుగా తొలగిస్తూ, ఆ చోట ఈ చెట్లను పెంచాలి.

ఉద్యానవనాలలో, నందనవనాలలో

పట్టణాలలోని ఉద్యానవనపు కుంటలకు, ఆలయ నందనవనాలలోని కొలనులకు మరికొన్ని జాగ్రత్తలు కావాలి. చుట్టూ సిమెంటు గోడ, అడుగున సిమెంటు పరచడం, నడుమ చిమ్మనగ్రోవి, రాత్రంతా వెలిగే దీపాలు – ఇవి మనిషి కంటికి ఇంపుగా ఉంటాయి. కాని అటువంటి తొట్టిలో తూనీగకు గ్రుడ్లు పెట్టడానికి గడ్డిపోచ దొరకదు. కప్పకు దాగే బురద దొరకదు. పడిన ఉడుత పైకి రాలేదు. ఇదివరకే సిమెంటు చేసిన కొలనైతే ఒక మూల రాళ్లు పేర్చి వాలుదారి ఏర్పరచాలి. నీటి అంచున ఒక వైపైనా గడ్డి కోయకుండా వదలాలి. నడకదారిని మూడు వైపులకు పరిమితం చేసి, నాలుగవ వైపును పక్షులకు విడిచిపెట్టాలి. దీపాలను ఆ వైపు ప్రసరించకుండా ఉంచాలి.

పట్టణాల చెంతనైనా ఇది సాధ్యమేనని సంగారెడ్డి జిల్లాలోని అమీన్‌పూర్ చెరువు చూపింది. హైదరాబాదు అంచున, నివాసాల నడుమ ఉన్న ఆ చెరువును 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించారు.

శంకలు – సమాధానాలు

*శంక: పూడిక తీయడంలో ప్రాణిహింస జరుగుతుంది కదా? ఆ పాపం దాతకు తగలదా?*

సమాధానం: తీయకపోతే కొన్నేళ్లలో ఆ జలాశయమే నేలలో కలిసి, అందులోని ప్రాణులన్నీ నశిస్తాయి. కాబట్టి తీయడం ధర్మమే. అయితే సగం సగంగా, సరైన ఋతువులో, చేతిపనితో అంచులు కాపాడుతూ తీయడం వలన హింస చాలావరకు తప్పుతుంది. త్వరగా ముగించాలనే తొందరతో ఆ జాగ్రత్తలు విడిచిపెట్టడమే దోషం.

*శంక: నీరు నిలిస్తే దోమలు పెరగవా?*

సమాధానం: చేపలు, తూనీగ పిల్లలు ఉన్న నీటిలో దోమపిల్లలు ఎక్కువకాలం బ్రతకలేవు, అవి వాటికి ఆహారం. దోమలు విస్తారంగా పెరిగేది ప్రాణం లేని మురుగుగుంటలలో, ఎండిపోతూ మిగిలిన చిన్న మడుగులలో, పారవేసిన కొబ్బరిచిప్పలలో, ప్లాస్టిక్ గ్లాసులలో. మురుగును ఆపి, చెత్తను తీసి, చేపలు బ్రతికే లోతును నిలిపితే దోమల బెడద తగ్గుతుంది.

*శంక: కోనేరంతా తామరాకులు కమ్ముకొంటే శోభయే కదా?*

సమాధానం: తామర పూజార్హమే. కాని నీటిని పూర్తిగా కప్పితే వెలుతురు లోపలికి చేరదు. ఆకులు కుళ్లి మళ్లీ పూడిక పెరుగుతుంది. మూడింట ఒక వంతుకు మించకుండా ఏటా తీయడం మంచిది. గుర్రపుడెక్కను మాత్రం ఒక్క మొక్క కూడా మిగలకుండా తొలగించాలి.

*శంక: మ్రొక్కుబడిగా తాబేళ్లను, చేపలను కొని కోనేటిలో వదలవచ్చునా?*

సమాధానం: వదలరాదు. మన దేశపు తాబేళ్లను పట్టడం, అమ్మడం, కొనడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. దుకాణాలలో అమ్మే ఎర్రచెవుల విదేశీ తాబేలు మన తాబేళ్ల మేతను, చోటును ఆక్రమిస్తుంది. విదేశీ చేపలూ అంతే. మ్రొక్కు తీర్చుకోదలచినవారు ఆ సొమ్మును పూడిక సేవకు సమర్పిస్తే, వందల ప్రాణులకు ఆశ్రయం ఇచ్చినవారవుతారు.

దాతలకు, యాత్రికులకు

ఫాల్గుణంలో కదిరి శ్రీ లక్ష్మీనరసింహస్వామివారి బ్రహ్మోత్సవాలకు భక్తులు లక్షలుగా తరలివస్తారు. వీరాపురంలో కొంగలు గూళ్లు కట్టుకొనేదీ ఇంచుమించు ఆ రోజులలోనే. చెరువులలో నీరు అడుగంటేదీ అప్పుడే. మనం యాత్రకు బయలుదేరే సమయంలోనే ఆ ప్రాణులు కూడా నీటికై యాత్ర సాగిస్తున్నాయని స్మరించుకొంటే, మన నడవడి దానంతట అదే మారుతుంది. కోనేటిలో పూలు, కర్పూరపు పొట్లాలు, వస్త్రాలు, ప్లాస్టిక్ విడువకుండా గట్టునే నియమిత స్థలంలో ఉంచాలి. చేపలకు మేత వేయాలన్న కోరిక ఉంటే ఆలయ నిర్వాహకులు చెప్పిన మేరకు చిటికెడు మాత్రమే వేయాలి. స్నానానికి సబ్బు వాడరాదు. వినాయకచవితికి మట్టి ప్రతిమనే పూజించాలి.

దాతలకు ఒక్క విన్నపం. కోనేరు బాగుచేయడానికి విరాళం ఇచ్చేటప్పుడు ఈ నాలుగు ప్రశ్నలు వినయంగా అడగండి. వరవ కాలువను బాగుచేస్తున్నారా? పనిని రెండేళ్లకు విభజించారా? వాలు అంచు విడిచారా? పని ముగిసిన తరువాత ఏటా నిర్వహణకు కొంత సొమ్ము కేటాయించారా? ఒకసారి పెద్ద మొత్తం ఇచ్చి మరచిపోవడం కంటె, ప్రతి వేసవిలో కొద్దిమొత్తం ఇస్తూ పోవడం జలాశయానికి ఎక్కువ మేలు. పూర్వపు దశబంధంలోని భావం అదే: చెరువును చూచుకొనే చేతులకు నిత్యం ఆధారం ఉండాలి.

మననం చేసుకోవలసిన అంశాలు

1. క్రొత్త కట్టడం కంటె పాత జలాశయపు ఉద్ధరణ మిన్న.
2. వరవ ముందు, గర్భం తరువాత.
3. ఒక ఏడు సగం, మరుసటి ఏడు సగం.
4. ఒకచోట లోతు, అంచులంతా వాలు.
5. బంకమట్టి పొరను, గూళ్లున్న చెట్లను కదపరాదు.
6. మేలైన ఒండ్రు చేనుకు చేరాలి.
7. బయటి చేపలు, తాబేళ్లు కోనేటిలోనికి రారాదు.

శిలాఫలకం మీది పేరును మనుషులు చదువుతారు. పూడిక తీసిన చెరువులో జ్యేష్ఠమాసపు ఎండలో మిగిలిన మడుగు చెంతకు వచ్చి, ముక్కు ముంచి, ఒక చేపను పట్టి గూటిలోని పిల్లకు తీసుకొనిపోయే కొంగకు ఏ పేరూ చదవడం రాదు. అయినా దాత ఇచ్చినది దానికి చేరింది. చేపపిల్లకు చోటు చూపిన సత్యవ్రతుని కరుణించిన స్వామి ఆ దానాన్ని తప్పక చూస్తాడు. శ్రీ లక్ష్మీనరసింహుని కృపచేత మన చెరువులు నిండి, సకల ప్రాణులు సుఖంగా ఉండుగాక.